కొసరు

కొత్త ఆటల్లో మనుషులుండరు. పాత వీడియో గేముల్లోనే, ముందు ఆడినవాళ్ల గొంతు మిగిలిపోయి కొన్నవాళ్లతో మాట్లాడుతూ ఉంటుంది. జనం దాన్ని మరకలా చూస్తారు కాబట్టి అవి చవక. అరవై దాటిన ప్రత్యూష గుంటూరు కొట్లన్నీ తిరిగేది ఆ మరక కోసమే.

ఆ రోజు ఇలియాస్ కొట్లో ఓ పడవల ఆట పెట్టి చూసింది.

"అటు కాదే పిచ్చిదానా, ఇటు తిప్పు!" అని ఓ ఆడగొంతు కసిరింది.

ఆమెను అంత చనువుగా కసిరే మనిషి లేక పదకొండేళ్లయింది. గుండె ఝల్లుమంది. కానీ ముప్ఫై ఏళ్లు చీరల కొట్టు నడిపిన మనిషి. నచ్చిందని తెలిస్తే ధర దిగదని మొహం చిట్లించింది.

"ఏంటయ్యా ఈ గోల? ఎవరిదో వాగుడు. సగానికివ్వు."

"సగానికైతే గిట్టదాంటీ."

"అయితే కొసరేమన్నా వెయ్యి."

ఇలియాస్ నవ్వుతూ ఆటను లోపలికి తీసుకెళ్లి తెచ్చాడు. "గోలన్నారుగా, మొత్తం తుడిచేశా. ఇదే మీ కొసరు. ఇక కొత్తదే అనుకోండి."

ప్రత్యూష మళ్లీ పెట్టి చూసింది. కావాలనే పడవను తప్పుగా తిప్పి బండకు గుద్దింది. ఎవరూ తిట్టలేదు.

"ఆ గొంతు మళ్లీ తెప్పించు బాబూ," అంది, జీవితంలో మొదటిసారి బేరం మర్చిపోయి. "ఎంతైనా ఇస్తాను."