కొండకు చెప్పిన పేరు

“మీ ఇంటాయన పేరు చెప్పమ్మా, గట్టిగా పిలుద్దాం!” అన్నాడు బుడన్‌సాబ్ మూడోసారి.

అక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. చెప్పదట!

పెనుకొండ కొండమీద నడి మధ్యాహ్నం. వచ్చినవాళ్లకు కొండంతా తిప్పి చూపించడమే బుడన్‌సాబ్ పని. పొద్దున రైలు దిగిన ఈ కొత్త జంటకు ఎండాకాలంలోనూ ఎండని దొన చూపించి, బండసందులోని చల్లటి నీళ్లు తాగించాడు. తేనెపట్లు వేలాడే చరియ చూపించాడు. నెమళ్లు కూడా కనబడ్డాయి. అంతా బాగానే ఉందనుకుంటుండగా మగడు మాయం! “ఆ గుహ చూసొస్తా, నువ్వు ఈడే కూచో” అని పోయిన మనిషి ఎంతకీ రాలేదు.

“నువ్వే పిలువు సాబూ,” అంది అక్కమ్మ.

“పేరు తెలిస్తే గదా పిలిచేది! పొద్దున్నుంచి నేను ఏమప్పా అంటే ఆయన ఏమప్పా అంటాండాడు. అంతే మా పరిచయం.”

పచ్చి అబద్ధం. ఆ మనిషి పేరు కుళ్ళాయప్ప అని బుడన్‌సాబ్‌కు బాగా తెలుసు. ఆ కుళ్ళాయప్ప ఇరవై అడుగుల దూరంలో, పెద్ద గుండురాయి వెనక నక్కి, ఊపిరి బిగబట్టి వింటున్నాడు కూడా.

పాపం, అతన్ని తిట్టుకోకండి. ధర్మవరంలో పట్టుచీరలు నేసుకునే నెమ్మదైన మనిషి. హిందూపురం నుంచి అక్కమ్మ కాపురానికొచ్చి మూడు నెలలైంది. “అన్నం పెట్టేదా?”, “దీపం తీసేదా?” అనే రెండు మాటలు తప్ప మూడోది లేదు. మగ్గం పక్కనే కూర్చుని కండెలకు పట్టుదారం చుడుతున్నా అతని వైపు కన్నెత్తదు. “కొత్తకోడలు, సిగ్గురా నాయనా” అంటుంది తల్లి. సిగ్గయితే సిగ్గే. కానీ ఆ నోట ఒక్కసారి తన పేరు వినాలని కుళ్ళాయప్పకు పిచ్చి పట్టుకుంది. పెండ్లాం పేరు పెట్టి పిలిస్తే మగని ఆయుష్షు తగ్గుతుందంటారు. తగ్గితే తగ్గనీ అనుకునేదాకా వచ్చింది అతని పిచ్చి.

పెనుకొండ మీద పలుకుబండ ఉందని, ఏ మాట అరిచినా అది తిరిగి వినిపిస్తుందని ఎవరో చెప్పారు. అక్కడ మాత్రం పెండ్లాం మగని పేరు పిలవవచ్చట. మారుపలికేది కొండే కాబట్టి దోషమూ కొండకే పోతుందట! అందుకే ఈ ప్రయాణం. తీరా బండ దగ్గరికొచ్చాక అక్కమ్మ పేరు పిలవలేదు సరిగదా, దూరంగా దుమ్ము లేస్తున్న బాట చూసి “అది హిందూపురం దావేనా?” అని అడిగి, ఆ దావన ఎవరో వస్తారన్నట్టు చూస్తూ నిలబడింది. పుట్టిల్లు గుర్తొచ్చిందేమోనని జాలిపడ్డాడు. ఆ తర్వాతే బుడన్‌సాబ్ చెవిలో ఈ ఉపాయం వేశాడు.

“పేరొద్దులే సాబూ, ఊరికే పిలుస్తా,” అని అక్కమ్మ గొంతు సవరించుకుంది. “ఓ అప్పా! యాడుండావు?”

“ఈడుండా తల్లీ!” అంటూ కంపచెట్లలోంచి కట్టెలమోపుతో ఒక ముసలాయన బయటికొచ్చాడు.

అక్కమ్మ బిత్తరపోయింది. “నువ్వు కాదు తాతా!”

“పిలిస్తివి గదమ్మా?”

“ఆయమ్మ పిలిచేది మొగున్ని, పుల్లన్నా,” అన్నాడు బుడన్‌సాబ్.

“మొగున్నయితే పేరు పెట్టి పిలవాల. ఉట్టి అప్పా అంటే కొండమీద ఉండే అప్పలంతా వస్తారు!” అని గొణుక్కుంటూ పుల్లన్న దిగిపోయాడు.

గుండు వెనక కుళ్ళాయప్ప నవ్వాపుకోలేక నోట్లో తుండుగుడ్డ కుక్కుకున్నాడు.

అక్కమ్మకు ఏమీ పాలుపోలేదు. దోషం కొండకే పోతుందంటే నమ్మకం కుదరలేదు. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుంది, పలక్కపోతే మనిషే దక్కడేమో! ఏది చేయాలో తెలియక అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసింది.

“సాబూ, ఈ కొండలో చిరుతపులులు ఉండాయా?”

“పోయినేడు తెల్లదొర ఒకదాన్ని కాల్చినాడు. దాని జోడుది ఇంకా ఉండాదంటారు,” అని, ఆమె ముఖం చూసి బుడన్‌సాబ్ నాలుక కరుచుకున్నాడు. ఏడుపు ఒక్కటే తక్కువ ఆ పిల్లకు. ఈ ఆట ఇంక చాలనిపించి, గుండు వైపు తిరిగి బయటికి రమ్మని చేయి ఊపాడు.

కుళ్ళాయప్ప లేవబోయాడు. అతని కాలికింది రాయి జారింది. అది ఇంకో రాయిని తాకి, రెండూ దబదబమంటూ లోయలోకి దొర్లిపోయాయి.

“అయ్యో దేవుడా, పడిపాయ!” అని అక్కమ్మ అంచుకు పరుగెత్తింది.

బుడన్‌సాబ్ చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. “ఏం కాలేదమ్మా, నా మాట ఇను!” అని ఆయన అరుస్తున్నా ఆమె చెవికెక్కలేదు. వెక్కివెక్కి ఏడుస్తోంది.

కుళ్ళాయప్ప బయటికి రాబోయి ఆగిపోయాడు. తన కోసమే ఆ ఏడుపు! మూడు నెలలుగా కన్నెత్తి చూడని మనిషి తన కోసం ఇంతగా ఏడుస్తుందని కలలోనైనా అనుకోలేదు. అతనికీ కళ్లనీళ్లు తిరిగాయి. ఇంకొక్క క్షణం. ‘కుళ్ళాయప్పా’ అన్న పిలుపు ఒక్కటి వినబడితే పరుగున పోయి ఎదుట నిలబడతాడు. మళ్లీ ఈ జన్మలో ఆమెను ఏడిపించడు.

అక్కమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు వదిలేసింది. సిగ్గూ ఎగ్గూ అన్నీ మరిచి, లోయలోకి చూస్తూ గొంతు చించుకుని పిలిచింది.

“నన్నిడిసిపెట్టి పోవద్దు, తిమ్మరాజూ!”