దీపం దగ్గర గాజులు

తెల్లవారుతుండగా రుక్మిణమ్మ పెరట్లో నీళ్ల తొట్టి పక్కన కూలబడింది. రెండేళ్ల కింద ఆగిపోయిన నెలసరి మళ్లీ కనబడింది.

బర్రెలకు గడ్డి వేస్తున్న కుర్మయ్య అలాగే వచ్చి, ఏమైందని భార్యను అడిగాడు.

"గోలీలు," అంది ఆమె తలెత్తకుండా. "నెలాఖరుకు జర కనబడ్తది, భయపడకు అని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను సరే అన్న. దీపం సంగతే మతికి రాలే."

కుర్మయ్యకు అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో దేవుని అర్రలో దీపం వెలిగించేది నెలసరి ఆగిపోయిన ఆడమనిషే. కుర్మయ్య తల్లి భాగ్యమ్మ చాలా ఏళ్లు వెలిగించింది. కళ్లు మసకబారాక ఆ పని కోడలికి అప్పగించింది. అప్పగించింది గానీ వదిలిపెట్టలేదు. పొద్దున్నే వసారాలో మంచం మీద లేచి కూర్చుని, అర్రలో కోడలి గాజుల చప్పుడు కోసం చెవులు రిక్కించేది. ఆ చప్పుడు విని దండం పెట్టుకున్నాకే చాయ్ తాగేది.

దీపం ఎందుకు పెట్టలేదో అత్తకు చెప్పాలంటే గోలీల సంగతి చెప్పాలి. గోలీలు ఎందుకో ఎలా చెబుతుంది?

నెలసరి ఆగిన నాటి నుంచి రుక్మిణమ్మకు ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు. భర్తతో కలిస్తే భరించలేని మంట. ఆ మాట ఆయనకు కూడా చెప్పలేక, అత్తకు నీళ్లు అందివ్వాలనే వంకతో తన చాప వసారాలోకి మార్చుకుంది. తన మీద మనసు విరిగిందేమోనని కుర్మయ్య లోలోపల కుమిలిపోయాడు. ఒకనాడు ద్రాక్షతోటలో ఆ మాటే అడిగేశాడు. ఆమె ఏడ్చి, ఉన్నది చెప్పింది. మర్నాడే శంషాబాద్‌లో బస్సెక్కించి ఆరాంఘర్‌లో ఉన్న లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఇది చాలామందికి వచ్చేదే, దాచుకుంటేనే పరేషాన్ అని ఆమె పరీక్షలన్నీ చేసి గోలీలు రాసింది. మంట తగ్గింది. చాప మళ్లీ లోపలి గదికి పోయింది.

"ఈ వయసుల మొగని కోసం గోలీలు మింగుతున్నదని అత్తమ్మ అనుకోదా?" అంది రుక్మిణమ్మ.

"ఉత్త నా కోసమేనా?"

ఆమె తొట్టిలో నీళ్లను వేలితో కదిపింది. "నా కోసం గూడ," అంది.

కుర్మయ్య మొహం ఎటో తిప్పుకుని నవ్వుకున్నాడు. "అయితే నువ్వు గీడనే కూసో. దీపం నేను పెడ్త."

"నీకేమన్న పిచ్చా? అత్తమ్మ గాజులు వింటది."

"గాజులు నీ పెట్టెల లేవా?"

చేతి గాజులు తీయడానికి ఆమె ఒప్పుకోలేదు గానీ, పెట్టె అడుగున ఉన్న కొత్తవి తెచ్చి ఇచ్చింది. నాగలి పట్టిన చేతికి అవి వేళ్ల కణుపులు దాటలేదు. కుర్మయ్య స్నానం చేసి, గాజులు అలాగే వేళ్లకు ఇరికించుకుని, అడుగుల చప్పుడు కాకుండా అర్రలోకి పోయాడు. రుక్మిణమ్మ పెరటి వైపు నుంచి అర్ర గోడకు చెవి ఆనించి నిలబడింది.

అర్రలో గాజులు మోగాయి. వత్తి సరిచేయడానికి అంత మోత అక్కర్లేదు. పెండ్లికి పోతున్నట్టు ఆడిస్తున్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు, వెంటనే మింగేసిన దగ్గు.

వసారాలో భాగ్యమ్మ దండం పెట్టుకుని, "రుక్మిణీ, చాయ్ తే," అని రోజూ అన్నట్టే అంది.

నెలసరి తగ్గేదాకా రోజూ అలాగే గడిచింది. తలస్నానం చేసి మళ్లీ తానే దీపం ముందు కూర్చున్న రోజు రుక్మిణమ్మ తన గాజుల చప్పుడు తానే విని ఆగిపోయింది. ప్రతి నెలా కళ్లు కనబడని పెద్దమనిషిని మోసం చేయడం తన వల్ల కాదు. దీపం వదులుకుంటే కారణం చెప్పాలి. గోలీలు మానేస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

మానేస్తానని భర్తతో అంది. నీ ఇష్టం అని కుర్మయ్య కొట్టంలోకి పోయి, కట్టేసి ఉన్న దూడనే విప్పి మళ్లీ కట్టాడు.

సాయంత్రం ఆమె చాప తెచ్చి అత్త మంచం పక్కన పరిచింది. భాగ్యమ్మ కాలితో తడిమి చూసింది.

"ఏందిది?"

"చాప, అత్తమ్మా. నీకు నీళ్లు అందియ్యాలె గద."

"నీళ్లు నాకు అందుతయ్." ముసలామె చెయ్యి చాచి కోడలి మణికట్టు పట్టుకుంది. "పొద్దుగాల గోలి రేకు చింపిన చప్పుడు కాలే. బంద్ చేసినవా?"

రుక్మిణమ్మ చెయ్యి లాక్కోబోయింది, ముసలామె వదల్లేదు.

"ఆ గోలీలు వచ్చినంక నీ చాప లోపలికి పోయింది. నా కొడుకు మళ్ల పాటలు పాడుకుంట నీళ్లు తోడుతుండు. కండ్లు పోయినయ్ గాని నాకు చెవులు పోలే. చాప తీస్కపో బిడ్డా. నీకు వీలు కానప్పుడు దీపం వాడే పెడ్తడు తియ్."

"నీకు తెలుసా, అత్తమ్మా?"

"వాడు నయం, గాజులు మంచిగ ఆడిస్తుండు," అంది భాగ్యమ్మ. "నాకు గూడ ఆగింది మళ్ల వచ్చినప్పుడు, మా అత్తకు ఇనబడాలని మీ మామ ఆడిచ్చిండు సూడు, మొదటి దినమే రెండు పలగ్గొట్టిండు."