ఆటకట్టు

నా ప్రోగ్రాం చెప్పినట్టే ఏనుగును చివరి వరుసకు జరిపి, "ఆటకట్టు" అన్నాను.

ఎదుట కూర్చున్నది నా తోడల్లుడు. ఈ కంప్యూటర్ చదరంగం పోటీలో ఏటా కప్పు వాడి ప్రోగ్రాందే. "మా చెల్లి మొగుడిదీ బుర్రంటే!" అని నా భార్య పోయేదాకా నన్ను పొడుస్తూనే ఉండేది.

"కుమ్మేశారన్నయ్యా! మీ మెషీన్‌కి నామీద పగేమన్నా ఉందా?" వాడు నవ్వాడు.

"మెషీన్‌కి లేదు."

వాడు ఇంకా నవ్వుతూనే పావులు పెట్టెలో సర్దుకుంటూ, ఫోను స్పీకరులో పెట్టి ఇంటికి చేశాడు.

"ఏమండీ!"

"ఆఁ" అన్నాను.

అనేశాక తెలిసింది, పిలిచింది మా మరదలని. అక్కచెల్లెళ్లిద్దరిదీ ఒకటే గొంతు.

వాడు తల దించుకున్నాడు. "ఓడిపోయానే" అన్నాడు ఫోనుతో.

"పోతే పోయింది లెండి. మొహం వేలాడేసుకుని అక్కడే కూర్చోకుండా ఇంటికి రండి..."

వాడు గబుక్కున స్పీకరు ఆపేసి, ఫోను చెవికి ఆనించుకున్నాడు.

ఏటా కప్పు తన్నుకుపోయినందుకు వాణ్ని క్షమించినా క్షమిస్తానేమో. ఆ స్పీకరు ఆపినందుకు క్షమించను.