కాయ నానేదాకా

"అడ్డంగా కాదు, నిలువునా చీల్చు," అంటూ బేకరీ ఆవిడ కత్తి అందించింది.

నేర్చుకోవడానికి వచ్చిన ఆమె వెనీలా కాయను పలక మీద పెట్టి జాగ్రత్తగా చీల్చింది. నల్లగా ముడుచుకుపోయిన ఆ కాయలో ఇంత సువాసన దాగి ఉంటుందని ఆమె అనుకోలేదు. పెళ్ళై ఆ ఇంటికి వచ్చాక ఇన్నాళ్ళూ కొన్న ఎసెన్సుతోనే సరిపెట్టుకుంది. కేకు చూడటానికి బాగానే పొంగేది. పాప మాత్రం ఒక్క ముక్క కొరికి, అక్కడి కేకులా లేదని పళ్ళెం పక్కకు జరిపేది. అక్కడంటే ఈ బేకరీయే. పసిపిల్ల మాటేలే అని కొట్టిపారేద్దామన్నా మనసు ఊరుకోదు. తన చేతి కేకు పాప ఇష్టంగా తినాలి. ఆమెకు కావలసిందల్లా అదే.

అందుకే సిగ్గు చంపుకుని వచ్చింది. గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనుదిరిగింది కూడా. కాయలు నానబెట్టడానికి వోడ్కా సీసా కొనడం ఇంకో అవస్థ. దాన్ని సంచిలో కూరల కింద దాచి, దొంగసరుకు మోస్తున్నట్టు బిక్కుబిక్కుమంటూ నడిచింది. ఆ సంగతి చెబితే బేకరీ ఆవిడ పడీ పడీ నవ్వింది. దాంతో ఇద్దరికీ కాస్త బెరుకు తగ్గింది.

కాయలు సీసాలో మునిగాయి. వెలుతురు తగలని అలమరలో పెట్టి, అప్పుడప్పుడు కుదుపుతూ, కొన్ని నెలలైనా ఆగాలని బేకరీ ఆవిడ చెప్పింది. అది విని ఆమె నీరుగారిపోయింది. పాప పుట్టినరోజు ఈ ఆదివారమే.

"తొందరపడితే మందు వాసనే మిగులుతుంది. పాపతో కూడా తొందరపడకు," అంది బేకరీ ఆవిడ.

లోపలికి వెళ్ళి తన సీసా తెచ్చింది. అందులో రసం ముదురు రంగు తిరిగి ఘుమఘుమలాడుతోంది. సగం చిన్న సీసాలోకి వంచి మూత బిగించింది. ఇవ్వబోయి క్షణం సేపు ఆగింది.

"మీ కిటుకంతా నాకు చెప్పేస్తే మీకే నష్టం కదక్కా?" అని ఆమె అడిగింది.

"భయం లేదని ఎలా అంటాను? అయినా పిల్ల కడుపు నిండితే చాలు."

సీసా అందుకుంటుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఎంతో ధైర్యం వచ్చినట్టనిపించింది. గుమ్మం దాటుతుంటే బేకరీ ఆవిడ వెనక నుంచి పిలిచింది.

"పిన్ని చేసిన కేకు ఎలా ఉందో ఈ కన్నతల్లికి ఫోన్ చేసి చెప్పమను."