నా చేత్తోనే వేశానండీ

"పెద్దాయన గొర్రెలు ముప్పై తొమ్మిదీ నెగటివ్ డాక్టరమ్మా! ఒక్కదానికీ రోగం లేదు!" రక్తపరీక్షల కాగితం ఊపుకుంటూ వచ్చాడు పశువుల ఆసుపత్రి కాంపౌండరు.

గుమ్మంలో కూర్చున్న పెద్దాయన లేచి చేతులు జోడించాడు. చుట్టుపక్కల మందల్లో గొర్రెలు పిట్టల్లా రాలిపోతుంటే వారంగా ఆయనకి కంటి మీద కునుకు లేదు. "ప్రాణం లేచొచ్చింది బాబూ."

"పోయిన నెల వీటికి టీకాలు మీరే వేశారుగా?" కాగితం అందుకుంటూ కాంపౌండరుని అడిగింది డాక్టరమ్మ.

"నా చేత్తోనే వేశానండీ. ఒక్కదాన్నీ వదల్లేదు, కావాలంటే రిజిస్టరు చూడండి." అతను రిజిస్టరు తెరిచి చూపించాడు. అంతలో అతని గొంతు తగ్గింది. "పాజిటివ్ వచ్చింది ఒక్కదానికేనండీ. మా ఇంటి మేకకి. పైవాళ్లకి తెలిస్తే నా పరువేం కాను?"

"దానికెప్పుడైనా జబ్బు చేసిందా?"

"అబ్బే! గుండ్రాయిలా ఉంటుంది."

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "ఇది రోగం కోసం చేసే పరీక్ష కాదయ్యా. టీకా పడ్డాక రోగాన్ని తట్టుకునే బలం రక్తంలో పుట్టిందా లేదా అని చూస్తారు. పుడితేనే పాజిటివ్."

కాంపౌండరు రిజిస్టరు మూసేశాడు.

పెద్దాయన జోడించిన చేతులు మెల్లగా విడిపోయాయి. ఆయన అరిచి గొడవ చెయ్యలేదు. కర్ర అందుకుని, ఎంతో మర్యాదగా పిలిచాడు.

"పదండి బాబూ. మీ మేకకి వేసిన చేత్తోనే మావాటికీ వేద్దురుగాని."