పొలిమేర బండి

బుధవారం మధ్యాహ్నం రాళ్ళపల్లి పొలిమేరలో అరవైమంది మగవాళ్ళు కర్రలు, గొడ్డళ్ళు పట్టుకొని నిలబడ్డారు. అందరికంటే ముందు గుండయ్య ఉన్నాడు. ఎదురుగా ఎండిన వాగు. వాగు అవతల హొన్నగిరి. ఏడాది కిందట తన ఒక్కగానొక్క కూతురు బస్వమ్మను అతను ఆ ఊరికే ఇచ్చాడు.

పంతొమ్మిది వందల డెబ్బై మూడు ఎండాకాలం అది. రెండేళ్ళుగా వాన చుక్క లేదు. వాగు ఇసుకలో తవ్విన చెలిమల దగ్గర బిందెడు నీళ్ళ కోసం రెండు ఊళ్ళవాళ్ళూ అప్పటికే రెండుసార్లు తలలు పగలగొట్టుకున్నారు. వియ్యాలందుకున్న ఊళ్ళే, ఒకరి పేరు ఒకరు ఎత్తితే ఉమ్మేసేదాకా వచ్చాయి. అలాంటి చోట గత్తర, అంటే కలరా, అనే మాట వినబడితే ఇక చెప్పేదేముంది.

ఆ మాట తెచ్చింది గుండయ్యే. మంగళవారం పొద్దున్నే సర్పంచ్ అమర్నాథ్ ఇంటికి వెళ్ళి, హొన్నగిరికి గత్తర తగిలిందనీ, తన కళ్ళతో మూడు పాడెలు చూశాననీ చెప్పాడు. పొద్దున వాంతి అయితే సాయంత్రానికి మనిషి ఉంటాడన్న నమ్మకం లేని రోగం; అది తగిలిన ఇంటిని సొంత ఊరే వెలేస్తుంది. గత్తర తగిలిన ఊరు ఏం చేస్తుందో ఆ చుట్టుపక్కల చంటిపిల్లలకు కూడా తెలుసు. అమ్మవారి బొమ్మను బండిలో పెట్టి, పసుపు బట్ట కప్పి, వేపమండలు కట్టి, పక్క ఊరి పొలిమేరలో వదిలి వస్తుంది. దాంతో తన పీడ పక్క ఊరికి చుట్టుకుంటుందని లెక్క. జహీరాబాద్ దవాఖానకు కబురు పెడదామని అమర్నాథ్ అన్నాడు. ముందు దారి మూయమన్నాడు గుండయ్య. ఊరంతా అతని మాటే విన్నది.

చిక్కల్లా బస్వమ్మ దగ్గరే వచ్చింది. ఆమెకు తొమ్మిదో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, బుధవారం తీసుకొస్తామని అత్తింటివాళ్ళు ఎప్పుడో చెప్పి ఉన్నారు. ఈ నెల వద్దు, అక్కడే కానివ్వండని గుండయ్య సోమవారం సాయంత్రమే కూలి మనిషి సంగప్పతో కబురు పంపాడు. అల్లుడు శివకుమార్ నవ్వాడట. కరువుకు మామ ఇల్లు వట్టిపోయిందేమో, బియ్యం తానే వేసుకొస్తానని చెప్పి పంపాడు. మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది.

గుండయ్య భార్య నారమ్మ సోమవారం జహీరాబాద్ రోడ్డు మీద కరువు పనికి పోయి మట్టి మోసి వచ్చింది. వచ్చి పడుకున్న మనిషి మళ్ళీ గడప దాటలేదు. కడుపుతో ఉన్న పిల్లను రావొద్దన్నందుకు మొగుడి మీద అలిగిందని, అన్నం కూడా ముట్టడం లేదని ఊళ్ళో చెప్పుకున్నారు. పక్కింటి దేవమ్మ ఉండబట్టలేక పలకరించబోతే గుండయ్య వాకిట్లోనే అడ్డం నిలబడ్డాడు.

"గామె ఎవ్వలతోని మాట్లాడదట. నువ్వు జర ఇంటికి పో అక్కా."

పెళ్ళాన్ని ఓదార్చడం చేతకాని మనిషి ఊరిని కాపాడతాడట అని దేవమ్మ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

పన్నెండు దాటాక వాగులోకి ఒక బండి దిగింది. పైన పసుపు బట్ట. చుట్టూ వేపమండలు. నిండు చూలాలికి ఎండ, దిష్టి తగలకుండా ఎవరైనా చేసే పనే అది. కానీ పొలిమేరలో ఉన్న అరవైమందికీ ఒకటే తోచింది, గత్తర బండి వస్తున్నదని. గుండయ్య ఒక్కడికే ఆ ఎడ్లు తెలుసు. పెళ్ళిలో ఇచ్చింది అతనే. బట్ట తొలగించి తన వైపే చూస్తున్న మొహమూ తెలుసు. పరుగెత్తి కూతురిని చేయి పట్టి దించుకోవాలని ప్రాణం కొట్టుకుంది. వంగి రాయి తీసుకున్నాడు.

మొదటి రాయి బండి కాడికి తగిలింది.

శివకుమార్ కిందికి దూకి రెండు చేతులూ పైకెత్తాడు. "మామా, బస్వమ్మనే తెచ్చిన. మా ఊర్లె ఎవ్వలకు ఏ రోగం లేదు. మీకు ఎవలో తప్పు జెప్పిన్రు."

"నాకు బిడ్డ లేదు. బండి మర్లించు," అన్నాడు గుండయ్య.

బండిలోంచి బస్వమ్మ ఏడుస్తూ బతిమాలింది. లోపలికి రానని, ఒక్కసారి తల్లిని ఇక్కడికి పిలిస్తే చూసి పోతానని అన్నది. గుండయ్య రెండో రాయి తీశాడు. శివకుమార్ మాత్రం ఎడ్ల పగ్గం పట్టుకొని ముందుకే నడిచాడు. కన్న తండ్రి నిజంగా కొడతాడా అనుకున్నాడు పాపం. కొట్టింది తండ్రి కాదు. వెనక ఊరివాళ్ళ గుంపులోంచి వచ్చిన రామ్‌కిషన్ కర్ర అతని తల మీద పడింది.

చెలిమల దగ్గరున్న హొన్నగిరి వాళ్ళు గొడ్డళ్ళతో వచ్చి పడ్డారు. నీళ్ళ పగంతా ఆ అరగంటలో తీర్చుకున్నారు. ఇటు ఇద్దరు పోయారు, అటు ముగ్గురు. శివకుమార్‌ను దవాఖానకు తీసుకుపోయే అవసరం కూడా లేకపోయింది. శవాన్ని పక్కన వేసుకొని బస్వమ్మ అదే బండిలో వెనక్కి పోయింది.

"నువ్వు సచ్చినా నీ ఊరు తొక్క," అన్నది పోతూ పోతూ.

ఊరి కోసం కన్నబిడ్డనే కాదనుకున్నాడని రాళ్ళపల్లి జనం గుండయ్యను మెచ్చుకున్నారు. జహీరాబాద్ నుంచి పోలీసులు వచ్చేలోగా ఎవరి ఇళ్ళకు వాళ్ళు చేరుకున్నారు.

గుండయ్య కూడా ఇంటికి పోయి, తలుపు గడియ పెట్టుకొని, సోమవారం సాయంత్రం నుంచి వాంతులతో, భేదులతో ఎండిపోయి కొన ఊపిరితో ఉన్న నారమ్మ చెవి దగ్గర వంగి, "బిడ్డను నీ దాకా రానియ్యలే, గత్తర వాళ్ళ ఊర్లనే ఉన్నదని అందరు నమ్మిన్రు" అన్నాడు.