పక్క ఎయిర్‌బ్యాగులు

మలేషియాలోని క్లాంగ్ పట్టణంలో, ఒక కార్ల షోరూమ్‌లో సేల్స్‌మన్ దేవరాజన్ ఒక జంటకి బేస్ మోడల్ కారు చూపిస్తున్నాడు. నాగవల్లి వచ్చి వాళ్ళ పక్కన నిలబడింది.

“బాబూ, దీనికి పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్నాయేటి?”

దేవరాజన్ ముఖం పాలిపోయింది. “లేవు ఆంటీ. టాప్ మోడల్‌కే ఉంటాయి.”

“బ్రేకు దానంతటదే పడతాదా?”

“అదీ టాప్ మోడల్‌కే.”

ఆలోచించుకుని వస్తామంటూ ఆ జంట వెళ్ళిపోయింది.

దేవరాజన్ ఆమెను బయటికి తీసుకెళ్ళాడు. “ప్రతి శనివారం వచ్చి నా పొట్ట కొడుతున్నారు. ఈ నెల ఒక్క కారూ అమ్మలేకపోయినాను.”

“నా కూతురికి కారు అమ్మిన రోజు, అన్ని మోడళ్ళకీ అన్నీ ఉన్నాయని సెప్పినావు. అది నమ్మి బేస్ మోడల్ కొనింది. బంటింగ్ రోడ్డులో పామాయిలు గెలల లారీ పక్కనుంచి గుద్దినాది. దాని శవాన్ని కార్లోంచి తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను.”

దేవరాజన్ చొక్కాకున్న షోరూమ్ బ్యాడ్జి తీసేశాడు. “తప్పు సేసినాను ఆంటీ. ఈ ఉద్యోగం మానేస్తాను. ఇంక నన్ను వదిలేయండి.”

“మానెయ్,” అంది నాగవల్లి నెమ్మదిగా. “మళ్ళీ ఏ షోరూమ్‌లో సేరతావో సెప్పు. అక్కడికీ వస్తాను.”